భవనానికి శాతం ఎవరు వేస్తారు?

(వికలాంగుల హక్కుల చట్టంపై స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



మాస్టారి పేరిట మాట్లాడమని నిర్వాహకులు అడగ్గానే ఒప్పుకున్నాను. ఆయన నాకు బడిలో పాఠం చెప్పలేదు. నేను నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్లడం మొదలుపెట్టాక అర్జీ ఎలా రాయాలో నేర్పారు. పోలియో వల్ల రెండు కాళ్లూ చచ్చుబడిన ఆ మనిషి రిటైరయ్యాక ఇంటి అరుగునే ఆఫీసు చేసుకున్నారు. పింఛను ఆగినవాళ్లు, బస్సు పాసు రానివాళ్లు, చెవిటి పిల్లను బడిలో చేర్చుకోమంటే పొమ్మనిపించుకున్న తల్లిదండ్రులు ఆ అరుగు మీదికి చేరేవారు. ఆయన అర్జీ రాసేవారు, సెక్షను నంబరు వేసేవారు, రసీదు తీసుకోకుండా ఇంటికి రావద్దని చెప్పి పంపేవారు. రసీదు చేతిలో ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది ఆఫీసు. లేకపోతే మళ్లీ మొదటి నుంచీ చెప్పుకోవాల్సింది మనం. వికలాంగుల హక్కుల చట్టాన్ని ఎలా సంస్కరించాలన్న ప్రశ్నను కూడా నేను ఆ లెక్కనే చూస్తాను. మన చట్టంలో రుజువు చేసుకోవాల్సిన భారం ఎవరి నెత్తిన ఉంది? ఎవరి నెత్తిన ఉండాలి?

వైకల్యానికి శాతం వేసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరం తెలుగు నేల మీద వైకల్యం ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ ఏర్పాటును నేను తప్పుపట్టను. సిఫారసు ఉన్నవాడికి కాగితం దొరికి, అవసరం ఉన్నవాడికి దొరకని రోజుల్లో అది అవసరమైంది. అయితే శిబిరం రోజున ఆసుపత్రి ఆవరణలో ఒక పూట నిలబడి చూడండి. పదహారేళ్ల కొడుకును తల్లి చంకన ఎత్తుకుని ఉంటుంది. స్లాటు దొరకడానికే నెలలు పట్టిందని అంటుంది. ఎముకల డాక్టరు పిల్లవాణ్ణి మోకాలు వంచమంటారు, చెయ్యి పైకెత్తమంటారు, కాగితం మీద ఒక అంకె వేస్తారు. ఆ అంకె 40కి చేరితే పింఛను, బస్సు రాయితీ, చదువులో సీటు, ఉద్యోగంలో కోటా. 38 దగ్గర ఆగితే ఏమీ లేదు. ఆ తల్లి కొడుకును ఎత్తుకుని ఎక్కిన మెట్లు ఎన్నో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఆ మెట్లు లేకపోతే చక్రాల కుర్చీలో అతను తనంతట తానే వచ్చేవాడన్న సంగతీ ఉండదు.

ఈ శాతం మనిషిని రెండు వైపుల నుంచీ కొడుతుంది. తక్కువ వేస్తే నువ్వు వికలాంగుడివి కావంటారు. ఎక్కువ వేస్తే పనికి రావంటారు. చేతివేళ్లు పట్టేసే జబ్బున్న వికాస్ కుమార్ అనే అభ్యర్థి సివిల్ సర్వీసు పరీక్షలో లేఖకుణ్ణి ఇమ్మంటే, నీకు 40 శాతం లేదు కనుక ఇవ్వమన్నారు. పెన్ను పట్టలేని చేతికి శాతం సరిపోలేదట. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, తగిన వెసులుబాటు పొందే హక్కుకూ 40 శాతానికీ ముడిపెట్టడం తప్పని తేల్చింది. రెండో వైపు చూడండి. తమిళనాడులో సివిల్ జడ్జి పదవికి దరఖాస్తు చేసుకున్న న్యాయవాదికి చూపులో 70 శాతం లోపం ఉంది. 50 శాతం దాటితే కుదరదన్న నిబంధనను 2019లో సుప్రీంకోర్టే సమర్థించింది. ఆ తీర్పును తర్వాత అదే కోర్టు పక్కన పెట్టింది.

వైద్య విద్యలో అయితే ఈ అంకెలు ఒకదాన్నొకటి కరిచాయి. మాటలో లోపం ఉన్న విద్యార్థికి కోటా కావాలంటే 40 శాతం వైకల్యం ఉండాలి. కానీ 40 శాతం ఉంటే ఎంబీబీఎస్ చదవడానికే అనర్హుడన్నది అప్పటి నిబంధన. అంటే కోటాకు అర్హత వచ్చిన క్షణమే సీటుకు అర్హత పోతుంది. ఓంకార్ గోండ్ అనే విద్యార్థి ఈ చిక్కులో పడి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2024 అక్టోబరులో కోర్టు స్పష్టంగా చెప్పింది: అంకె ఒక్కటే చూసి తలుపు మూయకూడదు, ఆ విద్యార్థి ఈ చదువు చదవగలడా లేదా అన్నది పరిశీలించాలి. ఇంత మామూలు ఇంగితం ఒక కుర్రవాడికి దక్కడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం కూర్చోవాల్సి వచ్చింది.

ఇందులో బాధ కలిగించే విషయం ఏమిటంటే, చట్టం రాసినవారికి ఈ సంగతి తెలియక కాదు. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దేశీయ చట్టాన్ని దానికి అనుగుణంగా మార్చే బాధ్యత ఆ రోజే మన మీద పడింది. సుధా కౌల్ కమిటీ 2011లో ముసాయిదా ఇచ్చింది. 2014లో రాజ్యసభకు వచ్చిన బిల్లు మీద వికలాంగ సంఘాలే ఆందోళన చేశాయి. చివరికి 2016 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో 21. ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం రిజర్వేషను 4 అయింది. ఈ చట్టం రావడం వెనుక జావేద్ అబిదీ వంటివారి జీవితకాల శ్రమ ఉంది. ఆయన 2018లో కన్నుమూశారు. మా గురించిన నిర్ణయం మేము లేకుండా చేయవద్దన్న నినాదాన్ని ఈ దేశంలో ఇంటింటి మాట చేసినవారాయన.

ఆ చట్టం వైకల్యాన్ని నిర్వచించిన తీరు చాలా మంచిది. శరీరంలోనో మనసులోనో దీర్ఘకాలం ఉండే లోపం, ఎదురయ్యే అడ్డంకులతో కలిసినప్పుడు, సమాజంలో అందరితో సమానంగా పాలుపంచుకోకుండా చేస్తే అది వైకల్యం అన్నారు. అంటే లోపం ఒక సగం, అడ్డంకి ఇంకో సగం. నిర్వచనంలో ఇంత స్పష్టంగా ఉంది. కానీ సర్టిఫికెట్ ఇచ్చే దగ్గరికి వచ్చేసరికి మొదటి సగాన్నే కొలుస్తున్నారు. 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు, 2024 మార్చిలో సవరించినవి, రెండూ ప్రధానంగా శరీరాన్ని కొలిచేవే. మనిషికి శాతం వేసే డాక్టర్లు జిల్లా జిల్లాకూ ఉన్నారు. భవనానికి, బస్సుకు, వెబ్‌సైటుకు, పరీక్ష హాలుకు శాతం వేసేవారెవరు?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు వెళితే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. నీటిలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును మన దేశంలో 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. అంటే కారణం తెలిశాక కూడా తరాల తరబడి మన పిల్లలు ఆ నీళ్లే తాగారు. అలా నడుము వంగిన మనిషి శిబిరానికి వస్తే డాక్టరు ఆయన వెన్నెముకకు శాతం వేస్తారు. చెడింది నీరు, దాన్ని మార్చాల్సింది ప్రభుత్వం. రుజువు చేసుకోవాల్సింది మాత్రం ఆయన.

ఇప్పుడు ఒక మెట్టు దగ్గర కాసేపు ఆగుదాం. నేను కేసు పని మీద వెళ్లిన ఒక మండల కార్యాలయంలో అరుగు ఎత్తు రెండడుగులు. పక్కనే ర్యాంపు కట్టారు. ర్యాంపుకు ఒక లెక్క ఉంది: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు. రెండడుగులకు ఇరవై నాలుగడుగులు కావాలి. ఇక్కడ కట్టింది ఆరడుగులు. నున్నటి గచ్చు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, కింది చివర రెండు మోటారు సైకిళ్లు నిలిపి ఉన్నాయి. చక్రాల కుర్చీలో దాని మీదికి వెళ్లబోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. ఇద్దరు పట్టుకుని నెట్టినా భయమే. పైకెక్కాక తలుపు దగ్గర గడప. కానీ ఆ కార్యాలయం పేరు మీద ర్యాంపు ఉన్నట్టు లెక్కలో పడింది, బిల్లు కూడా అయి ఉంటుంది. దీన్నే కంటితుడుపు అంటారు. ఇంజనీరుకు కొలత తెలియక జరిగిందని నేను అనుకోను. తప్పు కొలతతో కట్టినందుకు తనను నిలదీసేవారు ఎవరూ ఉండరని ఆయనకు తెలుసు.

చట్టం అలా అనలేదే అని మీరు అడగవచ్చు. నిజమే. ప్రమాణాలు పాటించని కట్టడానికి అనుమతి ఇవ్వకూడదని 44వ సెక్షను చెబుతోంది. ప్రజలు వాడే, ఇప్పటికే ఉన్న భవనాలన్నిటినీ నియమాలు వచ్చిన ఐదేళ్లలో సరిచేయాలని 45వ సెక్షను చెబుతోంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, 2022 జూన్‌తో ఐదేళ్లు నిండాయి. కానీ ప్రమాణాలు చెప్పాల్సిన 15వ నియమం, వివిధ శాఖల మార్గదర్శకాలను వరసగా పేర్కొని ఊరుకుంది. వాటిలో తప్పనిసరి ఏదో, వీలైతే చేయాల్సింది ఏదో తేల్చలేదు. చట్టం ‘చేయాలి’ అంటే నియమం ‘చేస్తే మంచిది’ అంది.

చూపులేని రాజీవ్ రతూరీ ఇలాంటి అడ్డంకుల మీద 2005లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2017 డిసెంబరులో కోర్టు గడువులు పెట్టి ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో చూసి చెప్పమని హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రాన్ని అడిగింది. మన నగరంలో ఉన్న సంస్థ దేశంలోని వాస్తవాన్ని కోర్టు ముందు పెట్టిందని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంది. ఆ నివేదిక చూశాక, 2024 నవంబరు 8న, 15వ నియమం మూల చట్టానికే విరుద్ధమని కోర్టు కొట్టేసింది. తప్పక పాటించాల్సిన ప్రమాణాలను విడిగా గుర్తించి మూడు నెలల్లో కొత్త నియమాలు చేయమంది. ఆ గడువు 2025 ఫిబ్రవరిలో తీరింది, నియమాలు ఆలోపు రాలేదు. ఒక మనిషి కోర్టు మెట్లెక్కినప్పటి నుంచి లెక్కేస్తే, అది ఇరవై ఏళ్ల కథ.

చట్టంలోని శిక్షలను కూడా పక్కపక్కన పెట్టి చదవండి. వైకల్యం లేకున్నా ఉన్నట్టు చెప్పి లబ్ధి పొందితే 91వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చట్టాన్ని ఉల్లంఘించి వికలాంగులకు దారి లేకుండా చేస్తే 89వ సెక్షను కింద మొదటిసారి పదివేల దాకా జరిమానా. దొంగ సర్టిఫికెట్ నేరమే, శిక్ష ఉండాల్సిందే. కానీ ఒక అబద్ధపు కాగితం ఒక సీటును కాజేస్తుంది. ఒక అబద్ధపు ర్యాంపు ఆ మండలంలోని ప్రతి వికలాంగుణ్ణీ, ప్రతి ముసలమ్మనూ, ప్రతి గర్భిణినీ ఆఫీసు బయట నిలబెడుతుంది. ఇంకో సంగతి మనం మరచిపోకూడదు. 2020 జూలైలో, కరోనా భయంతో దేశం ఇంటి తలుపులు మూసుకున్న వేళ, 89వ సెక్షనుతో పాటు వికలాంగులను బహిరంగంగా అవమానించడాన్ని నేరంగా చూసే నిబంధనను కూడా సడలించే ప్రతిపాదన వచ్చింది. సంఘాలు గట్టిగా అడ్డుకోవడంతో అది ఆగింది.

బొల్లా శ్రీకాంత్ కథ మీలో చాలామందికి తెలుసు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టి, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని, ఇంటర్‌లో సైన్సు చదువుతానంటే కుదరదన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి గెలిచి, సైన్సు చదివి 98 శాతం మార్కులు తెచ్చుకుని, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లి, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. సినిమా కూడా వచ్చింది. చప్పట్లు కొట్టాం. అలాగే వైకల్యంతోనే కేంద్రమంత్రిగా, గొప్ప వక్తగా వెలిగిన జైపాల్ రెడ్డి గారిని చూపించి మన పిల్లలకు సంకల్పబలం గురించి చెబుతాం. వారి పట్ల నాకు అపారమైన గౌరవం. కానీ ఒక్కసారి ఆలోచించండి. శ్రీకాంత్‌కు సీటు కాదన్ననాడు 1995 చట్టం అమల్లోనే ఉంది. పదో తరగతి పాసైన కుర్రాడు సైన్సు చదవడానికి కేసు గెలవాల్సి వచ్చింది. కోర్టుకు వెళ్లలేక చదువు మానేసిన పిల్లల పేర్లు మనకు తెలియవు. వాళ్ల మీద సినిమా రాదు. చట్టం ఉండాల్సింది ఆ పిల్లల కోసం. చూపులేని విద్యార్థికి ప్రయోగశాలలో ఏ ఏర్పాటు చేయాలో బోర్డు ముందే ఆలోచించి ఉంచాలి. చేయలేమంటే ఎందుకు చేయలేరో బోర్డే కోర్టుకు వచ్చి రుజువు చేయాలి.

అందుకే చట్టంలో మొదట మారాల్సింది మూడో సెక్షను మూడో ఉపవిభాగం అంటాను. వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని చెబుతూనే, న్యాయమైన లక్ష్యం కోసం తగు మోతాదులో చేసిన పని అయితే ఫరవాలేదని అందులో ఒక సందు పెట్టారు. కులం పేరిట, మతం పేరిట వివక్ష చూపితే ఇలాంటి సందు వదులుతామా? దాన్ని తీసేయాలి. కనీసం ఆ సందును వాడుకోవాలనుకునే సంస్థ ముందుగా, రాతపూర్వకంగా కారణం చెప్పి కమిషనర్ అనుమతి తీసుకోవాలని రాయాలి.

కమిషనర్ అన్నాను కదా, ఆయన చేతులూ కట్టేసి ఉన్నాయి. కేంద్రంలో ముఖ్య కమిషనర్, రాష్ట్రాల్లో కమిషనర్లు ఫిర్యాదు విని సిఫారసు చేయగలరు. సంబంధిత శాఖ ఒప్పుకోకపోతే మూడు నెలల్లో కారణం చెబితే సరిపోతుంది. మాస్టారు పంపిన అర్జీల్లో ఎన్నో ఈ దశకు వచ్చి ఆగిపోయాయి. న్యాయం జరగాలని కమిషనర్ రాసిన లేఖ ఒక చేతిలో, వీలుపడదని శాఖ రాసిన లేఖ ఇంకో చేతిలో పట్టుకుని అర్జీదారు హైకోర్టుకు రావాలి. ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? కమిషనర్ ఉత్తర్వు అమలు కావాల్సిందే, అభ్యంతరం ఉంటే శాఖే అప్పీలుకు వెళ్లాలి. సవరణగా చూస్తే ఇది నాలుగు వాక్యాల పని.

ఇంతకన్నా లోతైన మార్పు రాజ్యాంగంలో రావాలి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా వివక్ష చూపరాదని 15వ అధికరణం చెబుతుంది. ఆ వరసలో వైకల్యం లేదు. ఆదేశిక సూత్రాల్లో, 41వ అధికరణంలో, సాయం అందించాల్సినవారి జాబితాలో మాత్రం వికలాంగులు కనిపిస్తారు. కెనడా 1982లోనే తన హక్కుల పత్రంలో వైకల్యాన్ని చేర్చుకుంది. వర్ణవివక్ష నుంచి బయటపడిన దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో చేర్చుకుంది. మన సుప్రీంకోర్టు కూడా ఆ దారిలోనే నడుస్తోంది. చూపులేనివారు జడ్జి పరీక్ష రాయకూడదన్న మధ్యప్రదేశ్ నిబంధన మీద ఒక అభ్యర్థి తల్లి ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుని 2025 మార్చి 3న కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది, వైకల్యం ఆధారంగా వివక్షకు గురికాని హక్కును ప్రాథమిక హక్కుతో సమానంగా చూసే సమయం వచ్చిందని అంది. కోర్టు అంత దూరం వచ్చాక పార్లమెంటు ఒక్క అడుగు వేయలేదా?

మతిస్థిమితం లేదన్న పేరిట మన చట్టాలు మనిషి సంతకాన్నే కాదంటున్న తీరు మరో ఉపన్యాసానికి సరిపడే విషయం. కాంట్రాక్టుల చట్టం నుంచి ఓటు హక్కు దాకా అది పాకి ఉంది. 2016 చట్టం వికలాంగులకు అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందని 13వ సెక్షనులో ఒప్పుకుంది. పాత చట్టాలు అలాగే ఉన్నాయి. ఈ రెంటి మధ్య నలిగేది బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడ్డ అమ్మాయి. తన ఖాతాలోని తన డబ్బు తీసుకోవడానికి నాన్నను తీసుకురమ్మంటారు. నాన్న పోయాక ఎవరిని తీసుకురావాలో ఎవరూ చెప్పరు. నిర్ణయం ఆమెదే, అర్థం చేసుకోవడానికి కావాల్సిన తోడు మాత్రం అందుబాటులో ఉండాలన్న ఒడంబడిక సూత్రానికి తగ్గట్టు ఆ పాత చట్టాలన్నిటినీ ఒకేసారి సవరించాలి.

డబ్బెక్కడిది అని తప్పకుండా అడుగుతారు. కొత్త భవనంలో ర్యాంపును నక్షాలోనే గీస్తే అయ్యే అదనపు ఖర్చు కొద్దిపాటిదే. కట్టాక పగలగొట్టి మళ్లీ కడితేనే ఖర్చు. దొంగలు దూరతారని కూడా అంటారు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన జరిగింది. శాశ్వత వైకల్యం ఉన్నవారు కూడా మళ్లీ వరసలో నిలబడాల్సి వచ్చింది. అనర్హులను ఏరివేయడం ప్రభుత్వం పనే, కాదనను. కానీ అదే పట్టుదలతో ఒక్క జిల్లాలోనైనా ప్రభుత్వ భవనాలన్నిటినీ ఒకసారి తనిఖీ చేసి, ఫలితాన్ని ప్రతి భవనం గోడ మీద అంటించిన రోజు నేనింకా చూడలేదు. పింఛను విషయంలో మన రెండు రాష్ట్రాలూ చాలా రాష్ట్రాలకన్నా నయం. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. వికలాంగ సంఘాలు ఎండలో కూర్చుని సాధించుకున్న డబ్బు అది. ఆ డబ్బు ఇంటికొస్తుంది సరే, ఆ ఇంట్లోంచి మనిషి బయటికి రావడానికి దారి కూడా కావాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా. అప్పటికి చట్టంలో ఏడు రకాలే ఉన్నాయి కనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇంతమంది ఓటర్ల మాట చట్టసభలో వినపడకపోతే ఆ తప్పు మనందరిదీ.

ఇక్కడి నుంచి వెళ్లాక మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ ఊళ్లో మండల కార్యాలయమో, బడో, బ్యాంకో, ఆసుపత్రో ఎంచుకోండి. టేపు తీసుకెళ్లి అరుగు ఎత్తు, ర్యాంపు పొడవు, తలుపు వెడల్పు కొలవండి. మరుగుదొడ్డిలోకి చక్రాల కుర్చీ తిరుగుతుందో లేదో చూడండి. ఆ కొలతలతో 2016 చట్టం 44, 45 సెక్షన్ల కింద ఆ అధికారికి అర్జీ ఇవ్వండి, నకలు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు పంపండి. 15వ అధికరణంలో వైకల్యాన్ని చేర్చమని, మూడో సెక్షనులోని మినహాయింపు తీసేయమని మీ పార్లమెంటు సభ్యుడికి ఇంకో ఉత్తరం రాయండి. రసీదు మాత్రం మరవకుండా తీసుకోండి.